మే నెలలో ఏ పడవలు వచ్చాయండీ?

సంపాదకులకు,

బాపట్ల తీరంలో మత్స్యకార పల్లె కాటేజీల గురించి మీ ఆదివారం అనుబంధం రెండు పేజీలు నింపింది. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఊరుకున్నాను. తాటాకు కప్పు, ఊయల, తెల్లారేసరికి రేవుకొచ్చే పడవలు, వాటిలోంచి నేరుగా వంటింటికి వెళ్లే చేపలు! హైదరాబాద్ ఎండల్లో వేగిపోతున్నవాళ్లకు ఇంకేం కావాలి? కానీ రాసినవారు అసలు ఆ ఊరు వెళ్లారా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మోటారు బోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మీ జిల్లా పేజీల్లోనే వార్త వస్తుంది. మోటారు బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉంటే, మే నెలలో మీవాళ్లకు కనిపించిన పడవలు ఎక్కడివి?

ఈ నెల మొదట్లో మేమూ అటువైపు ఒక కాటేజీలో దిగాం. సముద్రపు చందువా వేపుడని తెచ్చిపెట్టింది రూప్‌చంద్. చెరువుల్లో పెంచే చేప. ఆకారం చందువాలాగే ఉంటుంది, నోరు తెరిస్తే పళ్లుంటాయి. ఏళ్లుగా రాంనగర్ మార్కెట్‌లో చేపలు కొంటున్న నాకా చెప్పేది? ‘సముద్రం చేపే సార్’ అన్నాడు కుర్రాడు, నా మొహం చూడకుండా. వాడిని అని ఏం లాభం! కుళాయిలో ఉప్పునీళ్లు, సగం రాత్రి కరెంటు లేదు, రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసిచ్చారు.

ఇవన్నీ సర్దుకున్నాం. సర్దుకోలేనిది ఆ కాటేజీ చుట్టూ కట్టిన ప్రహరీ గోడ. అక్కడ వలలు ఆరేసుకునేవాళ్లమని, ఇప్పుడు చుట్టూ తిరిగి రేవుకు పోతున్నామని పక్క పాలెంలో ఒక పెద్దావిడ చెప్పింది. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లెల్లో పోటు గీత (పెద్ద పోటుకు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా, ఎక్కువున్నచోట 50 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు. పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలకు వెసులుబాటు ఉంది, నిజమే. సిమెంటు పునాది, ఆరడుగుల గోడ తాత్కాలికమా? మత్స్యకారులు తమ ఇళ్లలోనే హోమ్‌స్టే నడుపుకోవచ్చని కూడా అందులోనే ఉంది. వేట లేని రెండు నెలలు నాలుగు డబ్బులు కళ్లచూసే దారి అది. ఆ మాట పాలెంలో చెప్పిన అధికారి ఒక్కడూ లేడు. గోడ కట్టేవాడికి మాత్రం దారులన్నీ ఎవరో చెప్పే ఉంటారు.

మన హైదరాబాద్‌లో మాత్రం వేరేగా ఉందా? చెరువులు పూడ్చి విల్లాలు లేపుతుంటే అందరూ చూస్తూ కూర్చున్నారు, 2024లో ఆక్రమణలు కూల్చడానికి హైడ్రా అనే సంస్థ పెట్టి బుల్డోజర్లు పంపారు. అనుమతి సంతకాలు పెట్టినవాళ్లు అప్పటికే పెన్షన్ తీసుకుంటున్నారు. సముద్రం ఒడ్డునా అదే తంతు జరిగేదాకా ఆగుదామనా?

పత్రికలు ఇలాంటివి అడిగేవి ఒకప్పుడు. ఇప్పుడు కథనం ఏదో, ప్రకటన ఏదో తెలియడం లేదు. మీ వ్యాసం కిందే అలాంటి కాటేజీల ఫోన్ నంబరుతో పావు పేజీ ప్రకటన ఉంది, గమనించారో లేదో. కనీసం జూన్ 14 దాకా ‘ఈ పూట పట్టిన చేప’ అనే మాటైనా ఆపండి. సవరణ వేస్తారన్న ఆశ నాకు లేదు. సవరణలు వేసే ఆ మూల ఇప్పుడు ప్లాట్ల ప్రకటన వస్తోంది.

– ఒక పాత చందాదారు,
చిక్కడపల్లి, హైదరాబాద్