బోరింగు దగ్గర మమ్మల్ని ఆదుకున్న పెద్దావిడకు కృతజ్ఞతలు

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. కరెంటు వచ్చి ఫోను పనిచేయగానే ముందుగా రాయవలసింది ఇదే అనిపించింది. అలసట ఇంకా తీరలేదు, వాక్యాలు తడబడితే మన్నించండి.

మేముండేది కొండవాలులో. నీళ్ళు మోటార్లతో ఎక్కిస్తేనే మా కుళాయిలకు అందుతాయి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాలలో నీళ్ళున్నా, కరెంటు స్తంభాలు కూలి మోటార్లు ఆగిపోయేసరికి మాకు చుక్క రాలేదు. ఇంట్లో మా అమ్మాయి బాలింత. 20 లీటర్ల టిన్నుకు వంద రూపాయలు అడిగారు; ఇస్తామన్నా మెట్లెక్కి తెచ్చే వారు లేరు.

కొండ దిగువన ఒక ఇంటి పెరట్లో చేతి బోరింగు ఉందని విని బిందె పట్టుకుని వెళితే, అప్పటికే సందు చివరి దాకా వరుస ఉంది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను చూసి, "ఏటమ్మా, మొకం అలా పీక్కుపోయింది? ఇంటికాడ ఎవులున్నారు?" అని అడిగింది. చెప్పాను. "బాలింత ఉన్న ఇల్లు, ఈవిణ్ణి ముందు పట్టుకోనివ్వండి" అని ఆవిడ వరుసలోని వారందరినీ ఒప్పించింది. అంతటితో వదలలేదు. బాలింతకు పచ్చి నీళ్ళు ఇవ్వవద్దని నన్ను ఆపి, తడవకుండా దాచుకున్న నాలుగు పుల్లలు వెలిగించి, నీళ్ళు మరిగించి, చల్లార్చి, తన సొంత బిందెలో పోసి, ఆ వయసులో దానిని చంకన పెట్టుకుని నాతో పాటు మెట్లెక్కింది. అప్పటికి ఆవిడ ఇంటి మీద రేకులు లేవు, పరదా కట్టుకుని ఉన్నారు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కు నెట్టి, "రేపూ రా అమ్మా, పొయ్యి మీద పెట్టి ఉంచుతాను" అన్నది. గాలివానకు రాని ఏడుపు నాకు ఆ మాటకు వచ్చింది. అమ్మా, మీ పేరైనా నేను అడగలేదు. మీకు నా నమస్కారాలు.

మా ఆయన, మా తమ్ముడు, వియ్యపురాలు గారు చేయవలసినదంతా చేశారు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ట్యాంకర్లు వచ్చాయి, కానీ రోడ్డు మీది అపార్టుమెంట్ల దగ్గరే ఆగాయి. బోరు, సంపు, జనరేటరు ఉన్నవారి గుమ్మం ముందు నీళ్ళు నింపి, ఏమీ లేనివారిని మెట్లు దిగి రమ్మనడం ఏమి న్యాయం? మేము దిగేసరికి ట్యాంకరు ఖాళీ. కొండవాలు కాలనీల మొదట్లో పెద్ద తొట్లు పెట్టి నింపి వెళ్ళినా మాకు సరిపోయేది. కుళాయిలు వచ్చాయని పాడుపెట్టిన చేతి బోరింగులను బాగుచేయించినా, వచ్చే తుపానుకు కరెంటు కోసం ఎదురుచూడకుండా గొంతు తడుపుకోవచ్చు. ఇది అధికారులు వినాలి.

మరచిపోయాను, మెట్ల మీద పడిన చెట్లను నరికి దారి చేసిన కుర్రవాళ్ళకూ, క్లోరిన్ బిళ్ళలు ఇంటింటికీ తెచ్చి ఇచ్చిన ఆశా కార్యకర్తకూ, పండుగ ముందు ఇల్లు విడిచి వేరే జిల్లాల నుంచి వచ్చి స్తంభాలు నిలబెట్టిన కరెంటు సిబ్బందికీ కృతజ్ఞతలు. ఒక ట్యాంకరు డ్రైవరు బాబు పైనుంచి మేము దిగేదాకా ఆగి, అడుగున మిగిలిన నీళ్ళు మాకే వదిలాడు, అతనికి కూడా.