వాకర్స్ సంఘం వార్షిక నివేదిక 2025–26
(హనుమకొండ, సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివినది)

పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని షుగర్ పరీక్షలు చేయించాం, ఎన్ని మొక్కలు నాటాం, ఎవరికి శాలువా కప్పాం అని రాసుకుంటూ వచ్చాం. ఈసారీ అవన్నీ జరిగాయి. షుగర్, బీపీ పరీక్షలు మూడుసార్లు పెట్టాం. వడ్డేపల్లి చెరువు కట్ట మీద మొక్కలకు ఎండాకాలమంతా నీళ్లు పోశాం. జెండా పండుగలు రెండూ చేసుకున్నాం. సభ్యులం 64 మందిమి, అందులో మహిళలు 23 మంది. వీటి గురించి ఇంతకన్నా రాయను. ఈ ఏడాది అసలు సంగతి ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలతో మొదలైంది.

గత ఏప్రిల్‌లో మన సభ్యులొకరి కోడలు పొద్దుగాల కట్ట మీదికి వచ్చింది. ఆమె ఫిజియోథెరపిస్టు. కుర్చీలు వరుసగా వేయించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో చూద్దాం అంది. మేం నవ్వుకున్నాం. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లకు ఇదొక పరీక్షా అని. ముందు లేచింది కాజీపేట రైల్వేలో చేసి రిటైరైన మన సభ్యుడు. వయసు 66, కట్ట మీద అందరికన్నా ముందు నడిచే మనిషి. ఏడు దాకా బాగానే లేచాడు. ఎనిమిదోసారి చెయ్యి తనంతట తానే మోకాలి మీదికి పోయింది. 65–69 ఏళ్ల మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 11 కన్నా తక్కువ వస్తే కిందపడే ప్రమాదం ఎక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల లెక్క.

"పన్నెండేళ్ల సంది నడుస్తున్న కదమ్మా, ఇదేంది?" అన్నాడాయన, మొహం చిన్నబుచ్చుకుని.

"నడక గుండెకు పనిచేసింది మామయ్యా. తొడలకు బరువు పడలేదు" అందా అమ్మాయి.

ఆ మాట మాలో చాలామందికి ఆ రోజంతా గుచ్చుకుంది. ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందట. అరవై దాటాక ఇంకా వేగంగా పోతుందట. డాక్టర్లు దీన్ని సార్కోపీనియా అంటారు. తూకం మిషన్ ఎక్కితే ఇది తెలియదు, ఎందుకంటే పోయిన కండ జాగాలో కొవ్వు చేరుతుంది. పదేళ్లుగా ఒకటే బరువున్నానని సంబరపడేవాళ్లు మనలో ఉన్నారు, నాతో సహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పినవి మూడు: వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండకు బరువు పని, మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన. మనం మొదటిది పట్టుకుని మిగతా రెండూ వదిలేశాం.

"ఈ వయసుల ఇంకేం బలం వస్తది" అన్నవాళ్లకు ఆమె ఒక పాత ముచ్చట చెప్పింది. 1990లో అచ్చయిన అధ్యయనమది. అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల అటూ ఇటూ ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువు కసరత్తు చేయించారు. చివరిదాకా ఉన్న తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ తర్వాత నోరెత్తినవాళ్లు లేరు.

అలా మే నెల నుంచి బుధవారం, ఆదివారం నడకను సగం చేసి మిగతా సమయం బలానికి ఇస్తున్నాం. కుర్చీలోంచి లేవడం, కట్ట రెయిలింగ్ పట్టుకుని మడమలు లేపడం, గోడకు చేతులానించి దండీలు, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడడం. డంబెల్స్ కొనాలని కొందరు పట్టుబట్టారు గానీ కమిటీ ఒప్పుకోలేదు. లీటరు బాటిల్ నిండా నీళ్లు పోస్తే కిలో, ఇసుక పోస్తే కిలోన్నర. ఎవరి డంబెల్ వాళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు. రెండు రోజుల మధ్య ఎడం కావాలనే పెట్టాం, ఎందుకంటే కండ బలపడేది పనిచేసినప్పుడు కాదు, ఆ తర్వాత తీసుకునే విశ్రాంతిలో. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేవాళ్లు. చివరికి అందరం అంకెలు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాం. నోరు ఆడుతుంటే ఊపిరి ఆగదు. దారినపోయేవాళ్లకు ఒకటో తరగతి క్లాసులా వినిపిస్తుందట.

ఇప్పుడు చేసిన తప్పులు. శ్రావణ సోమవారం 22 మందిమి మడికొండ మెట్టుగుట్టకు పోయాం. రామలింగేశ్వరుడి దర్శనం, ఎక్సర్‌సైజ్ ఒకే దెబ్బకు అయిపోతాయని నా ఆలోచన. ఎక్కేటప్పుడు అందరం హుషారే. ఆయాసం వచ్చింది, ఆగాం, ఎక్కాం. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. మర్నాడు ఫోన్లు మొదలయ్యాయి. మూడో రోజు నాటికి సగంమంది బాత్రూంలో కమోడ్ మీద కూర్చోలేక గోడ పట్టుకుంటున్నారు. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అని మనమంతా అనుకుంటాం. కండకు అది తలకిందులు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. అలవాటు లేని కండకు ఎక్కువ నొప్పి తెచ్చేది ఆ బ్రేకే. మోకాలి చిప్ప మీద ఒత్తిడి కూడా అప్పుడే ఎక్కువ. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంది, కానీ ప్లాన్ నాదే కాబట్టి తప్పూ నాదే. ఇప్పుడు ఇంటి దగ్గర ఒక్క మెట్టు మీద నెమ్మదిగా దిగడం సాధన చేస్తున్నాం, వారానికి కొంచెం చొప్పున పెంచుతూ.

రెండో తప్పు కూడా కార్యదర్శిదే. దాన్ని రాయాల్సిందేనని అధ్యక్షులు పట్టుబట్టారు. కుర్చీ పరీక్షలో నాకు 17 వచ్చాయి. ఆ గర్వంతో సంక్రాంతికి మనవళ్లతో షటిల్ ఆడాను. ఒళ్లు వేడెక్కించుకోలేదు, ముందుకు ఒక్క ఉరుకు ఉరికాను. పిక్క మీద ఎవరో రాయితో కొట్టినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. పిక్క కండ చిట్లితే అచ్చం అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. రెండో రోజు ఒకాయన, పేరు చెప్పను, గట్టిగా పిసికి తోమాడు, వాపు రెట్టింపయింది. మళ్లీ మామూలు నడక నడవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ వారాల్లో నేర్చుకున్నది ఒకటుంది. కండ వారాల్లో బలపడుతుంది గానీ, దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కు నెలలు కావాలి. కండ చేయగలిగినంతా టెండన్ ఓర్చుకోలేదు. మేం ఇప్పుడు పెట్టుకున్న కొలత మర్నాటి పొద్దు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు మంచం దిగేసరికి అది తగ్గి ఉండాలి. తగ్గకపోతే తర్వాతిసారి సగమే.

ఈ ఏడాది మన సభ్యుల్లో ముగ్గురు కిందపడ్డారు. ముగ్గురూ ఇంట్లోనే. ఒకరు రాత్రి లైటు వేయకుండా బాత్రూంకు పోతూ, ఒకరు అరిగిన రబ్బరు చెప్పులతో తడి గచ్చు మీద, ఒకరు దసరాకు బూజు దులుపుతూ స్టూల్ మీది నుంచి. స్టూల్ మీది నుంచి పడినామెకు మణికట్టు విరిగింది. ఆ తర్వాత బాత్రూంలో పట్టుకునే రాడ్లు పెట్టించుకున్న ఇళ్లు పద్నాలుగు. పెట్టించని వాళ్లు ఎవరో కూడా కమిటీకి తెలుసు.

మంచి కబురు బతుకమ్మకు వచ్చింది. మన టీచరమ్మకు 68. మూడేళ్లుగా పీట మీద కూర్చుని పూలు అందించడమే ఆమె పని, పేర్చేది కోడళ్లు. కింద కూర్చుంటే లేవలేననే భయం. జూలై నుంచి మహిళా సభ్యులు కింద కూర్చుని లేవడమే ప్రత్యేకంగా సాధన చేశారు. మొదట పక్కన కుర్చీ పెట్టుకుని, తర్వాత సోఫా అంచు పట్టుకుని, ఆ తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి. కమోడ్ వచ్చాక గొంతు కూర్చోవడం మన ఇళ్లలో పోయింది, దాంతోపాటే తొడల బలమూ పోయిందని ఆమె అంటుంటుంది. సద్దుల నాడు ఆమె తాంబాలం ముందు బాసింపట్టు వేసుకుని గంటన్నర కూర్చుంది. తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలు తన చేత్తో పేర్చింది. అయ్యాక కుడి మోకాలు పైకి తెచ్చి, దాని మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. గోడ పట్టలేదు. మగవాళ్లకు ఇందులో ఏముందో తెలియలేదు. ఆడవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ చుట్టూ వంగుతూ లేస్తూ చాలాసేపు ఆడింది.

అక్టోబరు చివర మొంథా తుఫాను వానకు కొందరు సభ్యుల ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. మూడు వారాలు కట్ట మీద ఎవరూ లేరు. తిరిగి మొదలుపెట్టినప్పుడు అందరినీ సగం లెక్కతోనే చేయించాం. గుణుగుడు వినబడింది గానీ ఎవరూ దెబ్బ తగిలించుకోలేదు.

తిండి గురించి రెండు మాటలు. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. వయసు మళ్లినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే మంచిదని చాలామంది నిపుణుల మాట. ఒక వారం అందరం తిన్నది రాసుకున్నాం. రాత్రి పచ్చిపులుసుతో రెండు ముద్దలు తిని లేచేవాళ్లే ఎక్కువ. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు వస్తాయి. పప్పు నీళ్లలా కాకుండా గట్టిగా వండుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఏదీ పెంచొద్దు.

మోకాళ్ల నూనె అమ్ముకుంటామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. సమావేశానికి టిఫిన్లు తామే పెడతామన్నారు. టిఫిన్లు మనమే పెట్టుకున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా పంచాం. కొత్తగా కొన్నవి కుర్చీలు, ఒక స్టాప్‌వాచ్, అంతే. మార్చిలో మళ్లీ కుర్చీ పరీక్ష పెట్టినప్పుడు మన రైల్వే సభ్యుడికి 13 వచ్చాయి. పద్నాలుగోది కూడా లెక్కపెట్టాలని ఆయన వాదన, గంట మోగేసరికి సగం లేచాడట. దీని మీద సభ తీర్మానం కోరుతున్నారు.

ఎండలు ముదిరాయి కాబట్టి వచ్చే వారం నుంచి ఐదున్నరకే మొదలు. కుర్చీలు మోసే వంతు ఈ నెల మూడో లైను ఇళ్ల వాళ్లది. ఒక్కొక్కరు రెండేసి తెండి, ఒక్కో చేతికి ఒకటి.