ఘనా అధ్యక్షుడికి బహిరంగ లేఖ: కోడి చెప్పే తీర్పులు ఇంకెన్నాళ్లు?

అధ్యక్షులు జాన్ మహామా గారికి,

నమస్కారం. మీరూ ఘనా ఉత్తరాది వారే కాబట్టి మంత్రగత్తెలన్న నిందతో ఊళ్లు తరిమేసిన ఆడవాళ్లు తలదాచుకునే గంబాగా శిబిరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లో పిల్లాడు జ్వరంతో పోయినా, ఎవరికైనా పీడకల వచ్చినా నింద పడేది చాలాసార్లు ముసలి వితంతువు మీదే. అక్కడ ఆమె పేరున కోడిని కోస్తారు. అది గిలగిల కొట్టుకుని వెల్లకిలా పడితే నిర్దోషి, బోర్లా పడితే మంత్రగత్తె. ఇక ఆ శిబిరంలోని మట్టి గుడిసెలోనే బతుకు. తోడుగా పంపిన మనవరాలు నీళ్లు మోస్తూ, కట్టెలు ఏరుతూ బడి మానేస్తుంది. ఆ పిల్లేం నేరం చేసిందట?

2020 జూలైలో మీ దేశంలోని కఫాబా ఊళ్లో 90 ఏళ్ల అకువా దెంతేను మంత్రగత్తె అంటూ పట్టపగలు, జనం చూస్తుండగానే కొట్టి చంపారు. ఇలాంటి నిందలను నేరంగా మార్చే బిల్లును 2023లో పార్లమెంటు ఆమోదిస్తే, మీ ముందటి అధ్యక్షుడు రాజ్యాంగ అభ్యంతరాలు చూపి సంతకం పెట్టలేదు.

చేతబడి చేశారన్న అనుమానంతో చంపడం మా తెలంగాణలోనూ జరిగింది. అందుకే నీతులు చెప్పను, అడుగుతాను. శిబిరాలు మూసేస్తామని తొందరపడకండి, తిరిగెళ్లినవాళ్లను ఊరు మళ్లీ తరుముతుంది. ముందు నింద వేసినవాడికి కేసు భయం ఉండాలి. ఈలోగా శిబిరాలకు నీళ్లు, మందులు, ఆ ఆడపిల్లలకు బడి ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు