రిసార్టులు సరే, సంచీ ఎక్కడ పెట్టాలో రాయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పేజీలో విశాఖ గురించి రాసినప్పుడల్లా సముద్రం కనపడే గదుల ఫొటోలే వేస్తారు. నేను తాడేపల్లిగూడెంలో దర్జీని. పిల్లలకు సెలవని మొన్న రెండో శనివారం మా ఆవిడ, అత్తగారు, ఇద్దరు పిల్లలతో వెళ్లొచ్చాను. ఐదుగురికీ కలిపి నాలుగు వేలు దాటలేదు. అలా కుదిరిన సంగతి, కుదరని సంగతి రెండూ రాస్తున్నాను.

పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ సిట్టింగ్. తుని దగ్గర పులిహోర పొట్లాలు విప్పాం. బీచ్ దగ్గర లాడ్జికి ముందే ఫోన్ చేస్తే 2,600 అన్నాడు. అంతెందుకయ్యా అంటే ‘వీకెండ్ రేటండీ’ అన్నాడు. అందుకే సింహాచలం కొండ కింద అడివివరంలో గది తీసుకున్నాం, 900కి. సముద్రానికి దూరమే. కానీ స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక సిటీ బస్సులో మా ఆడవాళ్లు ముగ్గురికీ జీరో టికెట్టే కదా, ఇక దూరమైతే ఏం? అత్తగారు ఆధార్ కార్డు రొంటిన దోపుకుని, అడక్క ముందే తీసి చూపించారు. టికెట్టు కొట్టించుకున్నది నేనూ మావాడూ, వాడికి అర టికెట్టే. అయితే చందనోత్సవం రోజుల్లోనూ, ఆషాఢంలో గిరిప్రదక్షిణప్పుడూ మాత్రం అక్కడ గది ఆశించకండి.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిందట. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి ఆగిపోతే వెనకాల వరసంతా నిలిచిపోయింది. నా కళ్లు పడకల మీదకు పోయాయి. కొలతలు తీసే అలవాటు కదండీ, రెండడుగుల వెడల్పు ఉంటే గొప్ప. దాని మీద నెలల తరబడి ఎలా పడుకున్నారో! బయటికొచ్చి ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం. నీళ్లలోకి మోకాళ్ల దాకా కూడా పిల్లల్ని దిగనివ్వలేదు, అక్కడ అల లాగేస్తుంది.

ఆదివారం తెల్లవారుజామునే అప్పన్న దర్శనం చేసుకుని, గది ఖాళీ చేసి, భీమిలి దారి పడదామనుకున్నాం. చిక్కంతా సంచులతోనే వచ్చింది. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో తాళం లేని సామాను తీసుకోరు. నేను కుట్టిన సంచికి తాళం ఎక్కడ పడుతుంది? తెలియకపోవడం నా తప్పే. రెండు సంచులూ భుజాన వేసుకునే బీచ్ రోడ్డు బస్సెక్కి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. వేల ఏళ్లుగా గాలీ నీరూ మలిచిన ఇసుక గోడలవి. మధ్యలో నడుస్తుంటే పిల్లలు ఊరికే కేకలేశారు. అత్తగారు మాత్రం ఒక సంచీ మీద కూర్చుని, రెండోది ఒళ్లో పెట్టుకుని, ‘మీరు చూసి రండి’ అన్నారు. ఆమె కోసం తొందరగా తిరిగొచ్చేశాం. భీమిలిలో వలందుల (అంటే డచ్చివాళ్ల) సమాధులు చూడనే లేదు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీకి గంట ముందే వెళ్లి వరుసలో నిలబడితే సీట్లు దొరికాయి.

ఇక నా మనవి. ఒక్క ఆదివారం ఆ పేజీలో ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో, ఆఖరి బస్సు ఎన్నింటికో, సామాను ఎక్కడ పెట్టుకోవచ్చో, ఆడవాళ్లు స్నానం చేసి చీర మార్చుకునే చోటు ఎక్కడుందో వేయండి. బీచ్ రోడ్డులో అలాంటి గదులు ఇంకో నాలుగు కట్టమని పెద్దలకూ మీరే చెప్పాలి.

సంచి సంగతి నేనే చూసుకున్నాను. రెండు రన్నర్లు కలిసి తాళం పడేలా కొత్త జిప్పు వేశాను. ఈసారి వలందుల సమాధులకు అత్తగారే ముందు నడుస్తానంటున్నారు.

ఇట్లు,
ఒక దర్జీ, తాడేపల్లిగూడెం