రెండు నాటకాల మధ్య ఆత్రేయపురం

అందరికీ నమస్కారం. మొన్న రావులపాలెంలో మన పద్యనాటకం అయ్యేసరికి తెల్లవారుజాము మూడున్నర, మళ్ళీ ఎల్లుండి అమలాపురంలో, అందుకే ఈ రెండు రోజులూ గొంతుకి పూర్తిగా విశ్రాంతి. నిన్న మధ్యాహ్నం దాకా నిద్రే.

ఇవాళ ఆత్రేయపురం వెళ్ళాను. ఇన్నేళ్ళుగా పూతరేకులు తింటున్నాను గానీ రేకు తీయడం దగ్గరుండి చూడటం ఇదే మొదలు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని ఆ కుండ మీద ఒక్క విసురుతో పరిచి లాగేస్తే, క్షణంలో కాగితం కన్నా పల్చటి రేకు లేచి వస్తుంది! చెయ్యి మధ్యలో తడబడితే రేకు చిరిగిపోతుందమ్మా అన్నారు అక్కడి పిన్నిగారు. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఊపిరీ అంతే కదా, ఆవిడ చెయ్యి చూస్తూ అరగంట నిలబడిపోయాను. ఈ పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, ఆ చేతులకి అది ఎప్పుడో రావాల్సింది.

రేపు పొద్దున్నే ధవళేశ్వరం, గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియం చూడాలి. అమలాపురం వచ్చేవాళ్ళు పూతరేకులు బెల్లంవా పంచదారవా రాత్రిలోగా చెప్పండి, తెస్తాను.