ప్లగ్గు లేని సెల్లార్‌లో కారు పాలిష్

సంపాదకుడు గారికి,

దసరా దగ్గరపడింది. బండి పూజకు ముందు కారుకు పాలిష్ పెట్టే హడావుడి మా సుబేదారి అపార్ట్‌మెంట్లలో మొదలైంది. చాలా సెల్లార్లలో ట్యూబులైట్లే తప్ప ప్లగ్ పాయింట్లు ఉండవు. అందుకని పై అంతస్తు బాల్కనీ నుంచి వైరు వేలాడదీసి మిషన్ తిప్పుతున్నారు. వైరు మధ్యలో టేపు చుట్టిన అతుకు, కింద అప్పుడే కారు కడిగిన నీళ్లు! కాజీపేట లోకో షెడ్‌లో కరెంటు పని చేసి రిటైరైనవాణ్ణి, చూస్తేనే టెన్షన్ వస్తుంది.

కారు మెరవడానికి అసలు కరెంటే అక్కర్లేదు. పనంతా కడగడంలోనే ఉంది. మన దిక్కు రోడ్ల మీద గ్రానైట్ దుమ్ము ఎక్కువ. అందులోని క్వార్ట్జ్ రేణువులు పెయింటు కన్నా గట్టివి. పొద్దున్నే పొడిగుడ్డతో బర్రున తుడిస్తే ఎండలో సాలెగూడులా కనిపించే సన్న గీతలు పడేది అందుకే. ముందు నీళ్లు ధారగా పోసి మట్టి దిగనివ్వాలి, ఆ తర్వాతే షాంపూ. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు కడతాయి కాబట్టి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి.

బానెట్ చల్లబడ్డాక ఫోమ్ ప్యాడ్ మీద నాలుగు చుక్కల పాలిష్ వేసుకుని, మూరెడు జాగా మాత్రమే తీసుకుని రుద్దాలి. అది తుడిచాకే పక్కకు జరగాలి. భుజాలు నొప్పి పెడతాయి, నిజమే. రోజుకో డోరు చేసుకుంటే పోయిందేముంది? గోరు తట్టుకునేంత లోతు గీతను మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు. రంగు పైనుండే పారదర్శకమైన పూత, అదే క్లియర్ కోటు, మామూలుగా 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రుద్దిన కొద్దీ అదే అరుగుతుంది.

మిషనే కావాలంటే 18 వోల్టుల బ్యాటరీతో నడిచే డ్యూయల్ యాక్షన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) పాలిషర్లు దొరుకుతున్నాయి. బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రెండోది దగ్గర పెట్టుకోవాలి. కొందరు కారు సిగరెట్ లైటర్ సాకెట్‌కు ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే పెట్టె) తగిలించి మామూలు మిషన్ నడుపుదామని చూస్తున్నారు. ఆ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లది, అంటే దాదాపు 120 నుంచి 180 వాట్లు. మిషన్‌కేమో 500 వాట్ల పైనే కావాలి. ఫ్యూజు కొట్టేయడం ఖాయం. ఇన్వర్టర్‌ను నేరుగా కారు బ్యాటరీకే కలిపితే 700 వాట్ల మిషన్ 60 ఆంపియర్ల దాకా లాగేస్తుంది. బ్యాటరీ దిగకుండా ఇంజన్ ఆన్‌లో పెడతారేమో, మూసిన సెల్లార్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు.

అపార్ట్‌మెంట్ కమిటీలకు నా విన్నపం ఒక్కటే. కామన్ మీటరు మీద సెల్లార్‌లో ఒక సాకెట్ పెట్టించండి. సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. లిఫ్టులో అద్దాలు బిగించడానికి వచ్చిన డబ్బులు దీనికీ రాకపోవు.

- ఓ రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, సుబేదారి, హనుమకొండ