శిలాఫలకం మీద నా పేరు వద్దు, నాన్నా

నాన్నకు, అమ్మకు ప్రభువు నామంలో వందనాలు.

నేను క్షేమం. ఈ నెల రాత్రి డ్యూటీలు పడ్డాయి, అయినా ఆరోగ్యం బాగానే ఉంది.

పోయిన వారం మీరు రెండు సంగతులు చెప్పారు. చర్చి ప్రహరీగోడకు నేను పంపిన డబ్బు బాగా అక్కరకు వచ్చిందని, అందుకని సంఘ కమిటీ నా పేరు, పక్కన కువైట్ అని చెక్కించి గేటు దగ్గర శిలాఫలకం పెట్టాలనుకుంటోందని ఒకటి. తమ్ముడి వీసా కోసం అమ్మ ఎవరో దైవజనుడి దగ్గర నుంచి ప్రార్థన నూనె తెప్పించి, పాస్‌పోర్టుకు రాసి బైబిలు కింద పెట్టిందని రెండోది. వీడియోలో అమ్మ ఆ పాస్‌పోర్టు చూపించింది. అట్ట మీద సింహాల బొమ్మ చుట్టూ నూనె మరక, లోపలి కాగితాల అంచులు కూడా తడిసి అంటుకుపోయాయి. ఇవి ఫోనులో తేలే మాటలు కావు, అందుకే రాస్తున్నాను.

పక్కింటి వదిన తిరుమల నుంచి వచ్చి లడ్డూ ఇస్తే తీసుకోవాలా వద్దా అని మన ఇంట్లో ఎంత చర్చ జరిగేదో మీకు గుర్తుంది కదా. అపొస్తలుడైన పౌలు కొరింథు వాళ్లకు రాస్తూ, విగ్రహాలకు అర్పించినది తినే విషయం మనస్సాక్షికి, ఎదుటివాళ్ల మేలుకు సంబంధించినదిగా చెప్పాడు. నాకు మటుకు ఆవిడ ప్రేమే కనిపించేది. అయితే విగ్రహం అనగానే మన చూపు పక్కింటి వైపే ఎందుకు పోవాలి? పది ఆజ్ఞలు మొదట విన్నది ఐగుప్తు నుంచి దేవుడు విడిపించి తెచ్చుకున్న జనం. ఆయన మీద నమ్మకంతో నడిచి వచ్చినవాళ్లకే విగ్రహం చేసుకోవద్దనే మాట చెప్పాడు. వాళ్లే కొద్ది రోజుల్లో చెవిపోగులు తీసి ఇచ్చి, మొక్కడానికి బంగారు దూడను చేయించుకున్నారు. నాకు భయం కలిగించేది ఆ తర్వాతి మాట. రేపు యెహోవాకు పండుగ అని మోషే అన్న అహరోను చాటించాడు. అంటే ఆ దూడ ముందు జరిగిందంతా దేవుడి పేరుతోనే జరిగింది!

అమ్మా, నూనె గురించి నువ్వు యాకోబు పత్రిక చూపిస్తావని తెలుసు. రోగి ఉన్నచోటికి సంఘ పెద్దలు వచ్చి, నూనె రాసి ప్రార్థన చేయాలని అందులో ఉంది. రోగిని స్వస్థపరిచేది విశ్వాసంతో చేసిన ప్రార్థన అని కూడా అక్కడే ఉంది. నీ సీసా కొరియర్‌లో వచ్చింది. పంపినవాళ్లకు మన తమ్ముడి పేరు కూడా తెలియదు. మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని తలచుకో. దేవుడే చేయమన్నాడు, పాము కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. అంతకన్నా మంచి వస్తువు ఏముంటుంది? కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. ఒకప్పుడు దేవుడు వాడుకున్న వస్తువే కదా అని అట్టే పెట్టలేదు. నీ నూనెనూ, గుమ్మం మీది తొంభై ఒకటో కీర్తన పలకనూ పగలగొట్టమని నేను అనను. కీర్తనను గుమ్మానికి కట్టే కన్నా రోజూ నోట చదవమంటాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో పెట్టే వాగ్దాన కార్డులు, కొత్త ఏడాదికని ఒక్కో బైబిలు వచనం రాసినవి, కూడా అంతే. శ్రమల గురించి వచ్చిన కార్డును మెల్లగా పళ్ళెంలో పెట్టేసి, ఆశీర్వాదం ఉన్నది వెతుక్కునేవాళ్లను మన చర్చిలోనే చూశాను. ఇక్కడా చూస్తున్నాను. దేవుడు ఏం మాట్లాడాలో మనమే ఏరుకుంటే ఆ మాట ఆయనది ఎలా అవుతుంది?

మేము శుక్రవారం వెళ్లే ఆవరణలో ఒక్కో హాల్లో ఒక్కో భాషలో ఆరాధన జరుగుతుంది. తెలుగు హాలుకు వచ్చేవాళ్లలో మన జిల్లా, కడప జిల్లా ఆడవాళ్లు చాలామంది ఇళ్లలో పని చేసేవాళ్లు. వాళ్లలో ఒకామె గుడ్డలు ఉతికి ఉతికి వేళ్ల సందులు పాసిపోయి ఉంటాయి. మందు రాయడానికి ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు తన కథ చెప్పింది. టీవీలో వచ్చే ఒక ప్రసంగీకుడికి నెలనెలా విత్తన కానుక పంపుతోంది, నూరంతలు వస్తుందని. ఊళ్లో కూతురి కాలేజీ ఫీజు మాత్రం కట్టలేదు. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె నమ్మకాన్ని అలా వాడుకున్నవాళ్లను తలచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను అని దేవుడికి రాసేసి వాళ్లను గాలికి వదిలేసేవాళ్లను యేసు ఎంత గట్టిగా గద్దించాడు! పిల్లల అన్నం తీసి పంపే కానుక అంతకన్నా భిన్నమా? ధనాపేక్ష విగ్రహారాధనే అని కొలొస్సయులకు రాసిన పత్రికలో అంత సూటిగా ఉంటే, మనం దాన్ని విశ్వాసం అని పిలుస్తున్నాం.

దైవజనులను గౌరవించవద్దని నేను అనడం లేదు. మన ప్రాంతానికి సువార్త తెచ్చిన ఆర్కాటు మిషను 1853లో మొదలైంది. దాన్ని నడిపిన అమెరికా సంఘమే తర్వాత కువైట్‌లో కూడా ఆసుపత్రి కట్టింది. చదువు చెప్పి, మందు ఇచ్చిన ఆ మనుషులను నేను ఎప్పుడూ కృతజ్ఞతతో తలచుకుంటాను. కానీ లుస్త్ర అనే ఊళ్లో జనం ఎడ్లను, పూలదండలను తెచ్చి తమకు బలి ఇవ్వబోతే పౌలు, బర్నబా బట్టలు చింపుకుని, మేమూ మీలాంటి మనుషులమే అని కేకలు వేస్తూ జనంలోకి పరుగెత్తారు. ఇప్పుడు దండ వేస్తుంటే మెడ వంచేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. మన ఇంటి హాల్లో ఒక ప్రసంగీకుడి ఫొటో ఉన్న క్యాలెండరు ఏడాది దాటినా అలాగే వేలాడుతోంది. దాన్ని తీసేయండి నాన్నా.

ఇక నా సంగతి. ఇది రాయడానికే నాకు కష్టంగా ఉంది. నువ్వు లేకపోతే మేము ఏమైపోయేవాళ్లమో అని అమ్మ ఎవరు వచ్చినా అంటుంది. కువైట్ డబ్బు వచ్చాకే మన ఇంటికి ఆశీర్వాదం వచ్చిందని మీరు చర్చిలో సాక్ష్యం చెప్పారు. నేను పుట్టకముందు, ఇంట్లో ఏమీ లేని రోజుల్లో మీరు ఎవరి మీద ఆధారపడ్డారు నాన్నా? ఆ దేవుడు అప్పుడు మన ఇంటిని దీవించలేదా? రేపు నా ఉద్యోగం పోవచ్చు, ఒప్పందం రద్దు కావచ్చు. అప్పుడు మీ విశ్వాసం నాతోపాటు విమానం ఎక్కి వెనక్కి రాకూడదు. నేను మీ బిడ్డను. మీ కోసం కష్టపడటం నాకు ఇష్టం, నా ధర్మం కూడా. అంతకు మించిన పీట నాకు వేయకండి. నేను మోయలేను.

అందుకని ఆ శిలాఫలకం ఆపించండి. కమిటీవాళ్లు చెక్కించడానికి ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే ఆ నష్టం నేను భరిస్తాను. అదే గేటు దగ్గర తాగునీటి కుళాయి పెట్టించండి, దారిన పోయే ఎవరైనా తాగేలా. దాని మీద ఎవరి పేరూ వేయించకండి.

అమ్మా, పాస్‌పోర్టు లోపలి పేజీల్లో అక్షరాలు చెరిగాయేమో తమ్ముడిని వెలుతురులో చూడమను. చెరిగి ఉంటే కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి, ఆలస్యం చేయవద్దు. వాడి కోసం నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. వీసా వచ్చినా రాకపోయినా నాకు ఫోను చేయండి. శుక్రవారం అయితే మధ్యాహ్నం తర్వాత చేయండి, అప్పటికి ఆరాధన అయిపోతుంది.

మీ పెద్దమ్మాయి